కృష్ణబిలములు, సృష్ట్యాది : ఒక బాలిక ప్రశ్న

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికనుండి పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు, పిల్లల నడవడిని గూర్చియు ముచ్చటించుట మాకు అలవాటు. ఈ యేడు ఆ పని ప్రధానోపాధ్యాయుల నివేదికకు విడిచి, మేము వేరొక విషయమును ఎత్తుకొనుచున్నాము. అందుకు కారణము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె. భౌతికశాస్త్ర పాఠము ముగియు వేళ ఆమె లేచి, సగము తెలుగున, సగము కన్నడమున ఇట్లు అడిగినది : “ఈ విశ్వమంతయు ఒక కప్పు కుళిలోనుండి పుట్టినదని మా అన్న చెప్పినాడు. నిజమేనా?” తరగతిలో నవ్వులు చెలరేగినవి. కొందరు నవ్వినది ప్రశ్నకు, కొందరు నవ్వినది భాషకు. మేము నవ్వలేదు, జవాబు తెలియకపోవుటచే మాకు నవ్వు రాలేదు. వెదకి చెప్పెదమని మాట యిచ్చి ఆనాటికి తప్పించుకొంటిమి.

కన్నడమున కప్పు కుళి యన్నది తెలుగున కృష్ణబిలము. కప్పు అనగా నలుపని పాత తెలుగు నిఘంటువులలోను కలదు గనుక ఆ పిల్ల చేసిన తప్పేమియు లేదు. పిమ్మట కొన్ని వారములు మేము దొరికిన పుస్తకములెల్ల చదివితిమి. మేము ఖగోళ శాస్త్రజ్ఞులము కాము, లెక్కల మేస్టర్లము మాత్రమే. కనుక ఇచట చెప్పబోవునవి ఔత్సాహికుల మాటలని ముందే మనవి చేసికొనుచున్నాము. అయినను ఈ విషయమున ఔత్సాహికుల ఊహలకును ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో మన జిల్లాకును కొంచెము చోటు కలదు.

దానితోనే మొదలు పెట్టెదము.

1980 ఫిబ్రవరి 16వ తేదీ, శనివారము, అమావాస్య. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కార్వారు తీరమున నేలనెక్కి, హుబ్బళ్ళి, గదగు మీదుగా మన రాయచూరు జిల్లాను దాటి, తెలంగాణములోనికి సాగిపోయినది. మధ్యాహ్నము నాలుగు గంటలకు కొంచెము ముందు, మన నెత్తిమీదనే, రెండు నిమిషములకు పైగా పగలు రాత్రియైనది. బెంగుళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థవారు సింధనూరు తాలూకాలోని జవళగెరలో గుడారములు వేసి, పరికరములు నిలిపి, సూర్యుని చుట్టు ఆ కొద్ది నిమిషములు మాత్రమే కానవచ్చు కిరీటకాంతిని పరిశీలించిరి. ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో మన జొన్నచేల నడుమకు వచ్చి చూచిన దృశ్యమది.

మేము చూడలేదు. ఆనాటికి మాలో పెద్దవారు చిన్నపిల్లలు. ఇంటి తలుపులు, కిటికీలు మూసి, నీటి బిందెలలోను ఊరగాయ జాడీలలోను దర్భలు వేసి, పెద్దలు మమ్ము నడుగదిలో కూర్చుండబెట్టిరి. బయట కోళ్ళు గూళ్ళకు చేరినవని తరువాత విన్నాము. నాడు దేశమున అనేక నగరములలో వీధులు నిర్మానుష్యములైనవి. కన్నులు చెడునను భయము పూర్తిగా వట్టిది కాదు. సంపూర్ణము కాని గ్రహణమును రక్షణ లేకుండ చూచినచో కన్నులు నిజముగనే చెడును. కాని సూర్యబింబము పూర్తిగా మరుగుపడిన ఆ రెండు నిమిషములలో వట్టి కన్నులతో చూచినను ముప్పు లేదు. ఈ ముక్క చెప్పువారు లేక, మా జన్మమున తిరిగి మా గడపకు రాని వస్తువును మేము తలుపు వేసి పంపివేసితిమి. ఆ దిగులు ఇన్నేండ్లైనను మమ్ము విడువలేదు. ఆ బాలిక ప్రశ్నకు నవ్వి ఊరకుండలేకపోవుటకు అదియు ఒక కారణము కావచ్చును.

గ్రహణమునకును కృష్ణబిలమునకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. కలదు. బరువైన వస్తువు తన చుట్టునున్న ఆకాశమునే వంచుననియు, ఆ వంపులో కాంతికూడ వంగి నడచుననియు 1915లో ఐన్‌స్టీన్ పండితుడు ప్రతిపాదించెను. కాగితముమీద చక్కగనే యున్నది. కాని నిజమని తెలియుటెట్లు? సూర్యుని అంచుననున్న నక్షత్రములు పగటివేళ కానరావు. గ్రహణమున కానవచ్చును. 1919 మే 29వ తేదీనాటి సంపూర్ణ గ్రహణమున ఇంగ్లండు శాస్త్రజ్ఞులు రెండు చోట్ల ఛాయాచిత్రములు తీసి, నక్షత్రములు తమ తావునుండి లెక్కకు తగినట్లే జరిగినట్లు కనుగొనిరి. కృష్ణబిలములను గూర్చిన నేటి శాస్త్రమంతయు ఆ సిద్ధాంతముమీదనే నిలిచియున్నది.

అయితే కృష్ణబిలమును మొదట ఊహించినవాడు ఐన్‌స్టీన్ కాడు. ఇంగ్లండులో యార్కుషైరు పల్లెయొకదానిలో చర్చి గురువుగా నుండిన జాన్ మిఛెల్ అను నాతడు 1783లోనే దానిని ఊహించెను. అతని తర్కము మన పిల్లలకును బోధపడునంత సులభము. రాతిని పైకి విసరినచో అది కొంత యెత్తు పోయి తిరిగి పడును. సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగినచో అది భూమిని విడిచి పోవును. భూమికన్న బరువైన గోళమునుండి విడివడుటకు ఇంకను ఎక్కువ వేగము కావలయును. మరి సూర్యునంత సాంద్రతయే కలిగి, సూర్యునికి ఐదువందల రెట్లు అడ్డుకొలత గల నక్షత్రమున్నచో? దానినుండి కాంతియైనను తప్పించుకొనజాలదు. అది వెలుగుచునే యుండియు మనకు కానరాదు.

ఇంతవరకు ఇది ఊహయే. మిఛెల్ ఇచట ఆగక మరియొక మాట చేర్చెను. అట్టి నక్షత్రము చుట్టు వెలుగుగల వేరొక నక్షత్రము తిరుగుచున్నచో, ఆ తిరుగుడునుబట్టి కానరాని దాని ఉనికిని పట్టుకొనవచ్చునట! చూచితిరా, ఊహించినవాడే దానిని పరీక్షించు మార్గమును కూడ చెప్పినాడు. మా చదువంతటిలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. హంస నక్షత్రమండలములో ఎక్స్ కిరణములు వెదజల్లు ఒక తావును 1964లో కనుగొనిరి. 1971లో అచట ఒక పెద్ద నక్షత్రము, కానరాని తోడు చుట్టు, ఐదున్నర దినములకు ఒకసారి తిరుగుచున్నట్లు గుర్తించిరి. ఆ కానరానిది సూర్యునికి సుమారు ఇరువదియొక్క రెట్లు బరువైనదని నేటి లెక్క. పల్లెటూరి గురువు చెప్పిన ఉపాయము నూట ఎనుబది ఎనిమిదేండ్లకు పనికివచ్చినది.

నడుమ మనవారి పేరొకటి కలదు. 1930లో పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ చదువునకై బొంబాయినుండి ఇంగ్లండునకు ఓడలో పోవుచు లెక్క వేసికొనినాడు. ఇంధనము అయిపోయిన నక్షత్రము తన బరువుచే తాను కుంగునుగదా. ఆ కుంగు ఎక్కడనైన ఆగునా? సూర్యునికి సుమారు 1.4 రెట్ల బరువునకు లోపైనచో ఆగును. మించినచో ఆ విధముగా ఆగదని ఆతడు తేల్చెను. 1935 జనవరిలో లండను సభలో ఆనాటి మహాపండితుడు ఎడింగ్టన్ లేచి దానిని అపహాస్యము చేసెను. 1919 గ్రహణమున ఛాయాచిత్రములు తీసిన ఎడింగ్టనే ఆయన! పెద్దవారు నవ్వినంతమాత్రమున లెక్క తప్పు కాదు. 1983లో చంద్రశేఖరునకు నోబెల్ బహుమానము వచ్చినది.

మన కన్నడ నేలనుండి వచ్చినవారు సి. వి. విశ్వేశ్వర. బెంగుళూరులో పుట్టి పెరిగినవారు. కృష్ణబిలమును కదిలించినచో అది, మ్రోగించిన గుడిగంట వలె, కొంతసేపు మ్రోగి అణగిపోవునని 1970లో లెక్కించి చూపిరి. ఆ మ్రోత చెవికి వినబడునది కాదు, ఆకాశమే కంపించుట. 2015 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని రెండు లైగో యంత్రములు అట్టి కంపమును మొట్టమొదట పట్టినవి. 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఒకదానిలోనొకటి కలసిపోయిన మ్రోత అది. బెంగుళూరులోని నెహ్రూ తారామండలమును తీర్చిదిద్దినవారును విశ్వేశ్వరయే. విహారయాత్రకు పోయినపుడు మన పిల్లలు అందులో కూర్చుండి చూచివచ్చిరి. ఆ పేరు ఎవరును చెప్పలేదు.

ఇక ఆ బాలిక ప్రశ్నకు వచ్చెదము. ఆమెకు మేము మొదట కొలతలు చెప్పితిమి. కొలత లేని ఊహ ఎంతదూరమైనను పోవును గనుక. మన భూమినంతటిని నొక్కి నొక్కి పిల్లలాడుకొను గోళీకాయంత చేసినచో అది కృష్ణబిలమగును. సూర్యుని ఆరు కిలోమీటర్ల అడ్డుకొలతకు నొక్కవలయును. ఇప్పుడు ఆయన అడ్డుకొలత సుమారు 14 లక్షల కిలోమీటర్లు. ఇది విన్న పిల్లలు కృష్ణబిలమనగా భరింపరాని దట్టమైన ముద్దయనుకొందురు. మేమును అట్లే యనుకొంటిమి.

కాని అట్లు కాదు. బరువు రెట్టింపైనచో బిలము యొక్క అడ్డుకొలతయు రెట్టింపగును. అడ్డుకొలత రెట్టింపైనచో అందు పట్టు చోటు ఎనిమిది రెట్లగును. బరువు రెండు రెట్లు, చోటు ఎనిమిది రెట్లు! అనగా బిలము పెద్దదైనకొలది సగటున పలుచనగును. 2019 ఏప్రిల్ 10వ తేదీన ప్రపంచ పత్రికలన్నియు ఒక ఛాయాచిత్రమును ప్రకటించినవి. నిప్పు ఉంగరమునడుమ నల్లని చుక్క. అది 5.5 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఎం-87 అను నక్షత్రకూటమి నడుమనున్న కృష్ణబిలము. బరువు 650 కోట్ల సూర్యులు. అడ్డుకొలత సుమారు 3,800 కోట్ల కిలోమీటర్లు. ఈ రెంటిని భాగించి చూడుడు. దాని సగటు సాంద్రత మనము పీల్చు గాలి సాంద్రతలో సగముకన్న తక్కువ! మేము ఈ భాగహారమును మూడుమారులు చేసితిమి, తప్పు చేసితిమేమో యని. పదవ తరగతి పిల్లలకు ఈ లెక్కనే యిచ్చితిమి. ఇద్దరికి సరిగా వచ్చినది. ఒకనికి గాలికన్న వేయిరెట్లు బరువని వచ్చినది. మీటర్లను కిలోమీటర్లుగా మార్చుటలో సున్నలు తప్పినాడు.

ఇట్లు పెంచుకొనుచు పోయినచో ఎక్కడికి చేరుదుము? మన కంటికి, దూరదర్శినికి అందు విశ్వమంత పెద్ద బిలమును లెక్క వేసినచో, దానికి కావలసిన సాంద్రత నిజముగా విశ్వమునకున్న సగటు సాంద్రతకు సరిపోవుచున్నది. రాజకుమార్ పత్రియా అను భారతీయ భౌతికశాస్త్రజ్ఞుడు 1972లో ‘నేచర్’ పత్రికలో, విశ్వమే ఒక కృష్ణబిలము కావచ్చునా యని చర్చించెను. కనుక ఆ పిల్ల అన్న చెప్పినది పిచ్చిమాట కాదు. పండితులును ఒకప్పుడు దానిని తూచి చూచినవారే.

తూచినపుడు ఎక్కడ తేడా వచ్చునో అదియు చెప్పవలయును. కృష్ణబిలములోనికి జారినవానికి నడిబిందువు వానికి రేపటిలో నున్నది. వాడెటు తిరిగినను ముందునకు నడచినకొలది దానికే చేరును. విశ్వమునకు ఆదిబిందువు అట్లు కాదు, అది మనకు నిన్నటిలో నున్నది. వెనుకకు తలచినకొలది దానికే చేరుదుము. బిలములో సర్వము లోనికి పడుచుండును. విశ్వములో సర్వము దూరదూరమగుచున్నది. బిలమునకు వెలుపల అనునది యొకటి కలదు. విశ్వమునకు అట్టిదేదియు మనకు తెలియదు. ఇక ఆ సరిపోలిక యందురా, విశ్వపు ఆకాశము మొత్తముమీద వంపు లేక చదునుగా నున్నచో ఆ రెండు లెక్కలు తప్పక సమానమగును. అది లెక్కలోని గుణమే కాని రహస్యము కాదు. బిలమును తలక్రిందులు చేసి, సర్వమును బయటికి చిమ్ము శ్వేతబిలమును సమీకరణములలో వ్రాయవచ్చును. అట్టిదానిని ఆకాశమున ఇంతవరకు ఎవరును చూడలేదు. కనుక మేము ఆ బాలికకు చెప్పినది : “మీ అన్న ఊహ అందమైనది. నేడు తెలిసినంతలో విశ్వము కృష్ణబిలమునుండి పుట్టినదనుటకు ఆధారము లేదు. కాదని పూర్తిగా తోసివేయుటకును చాలినంత తెలియదు.”

మరి తెలిసినదేమి? విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో బెల్జియము దేశపు క్రైస్తవ గురువు లెమైత్ర్ లెక్క కట్టెను; 1929లో అమెరికాలో హబుల్ దూరదర్శినితో కొలిచి చూపెను. ఈ వ్యాకోచమును తరగతిలో చెప్పుట కష్టము. మేము వంటింటిని ఆశ్రయించితిమి. సజ్జరొట్టె తట్టుచున్నపుడు, ముద్దపై అద్దిన నువ్వులు ఒకదానినుండి ఒకటి తొలగిపోవును. ఏ నువ్వుపై కూర్చుండి చూచినను తక్కినవన్నియు తననుండియే తొలగుచున్నట్లు కనబడును. దూరపు నువ్వు త్వరగాను, దగ్గరి నువ్వు మెల్లగాను. రొట్టెకు అంచు కలదు, విశ్వమునకు అంచు కానరాలేదు. అంతవరకే ఈ పోలిక. వెనుకకు లెక్కించినచో 1,380 కోట్ల సంవత్సరములనాడు సర్వము మిక్కిలి వేడిగా, మిక్కిలి దట్టముగా ఒక్కటై యుండెనని తేలును. లెమైత్ర్ 1931లో దానిని ఆదిమ అణువని పిలిచెను.

ఇదియు ఒకనాడు ఊహయే. దానికి సాక్ష్యము అనుకోకుండ దొరికినది. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అను నిరువురు తమ రేడియో కొమ్మునుండి ఆగని గురగురను తొలగింప ప్రయత్నించిరి. పావురములు గూడు కట్టినవని గూడు తీసిరి, రెట్టను కడిగిరి. గురగుర పోలేదు. ఎటు త్రిప్పినను, పగలైనను రాత్రియైనను, అంతే. అది ఆదిలోని వేడి చల్లారి మిగిలిన సెగయని 1965లో తెలిసినది. నేడు దాని వేడిమి నిరపేక్ష శూన్యముపై 2.7 డిగ్రీలు మాత్రమే. ఆకాశమున ఏ దిక్కున కొలిచినను లక్షలో ఒక వంతుకన్న తేడా కనబడదు. పాత టెలివిజనులలో కార్యక్రమము లేనపుడు తెల్లని చుక్కలు చిందులాడెడివి. అందు నూటికొక చుక్క ఈ సెగదే యందురు. ఎరుగక యుగయుగముల వెనుకటి వెలుతురును ముందిడుకొని, ఏంటెన్నా సరిగా లేదని తిట్టుకొంటిమి.

అందరును దీనిని ఒప్పుకొనలేదు. ఇంగ్లండు పండితుడు హాయిల్, మన జయంత నార్లికర్ ఆది లేని విశ్వమును ప్రతిపాదించిరి. నార్లికర్ 2025లో కాలము చేయువరకు మహావిస్ఫోట సిద్ధాంతమును శంకించుచునే యుండిరి. తమ శంకను వారు ఎన్నడును అరచి చెప్పలేదు, లెక్కలతో చెప్పిరి. మెజారిటీ పండితులు అంగీకరింపలేదు. ఆదికి ముందేమి? అది ఎవరికిని తెలియదు. ఆ గడపవద్ద పండితుడును, పామరుడును, ఎనిమిదవ తరగతి బాలికయు ఒకే వరుసలో నిలిచియున్నారు.

ఇచట మన పెద్దలు సాధారణముగా ఒక మాట చెప్పుదురు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములు, భూమి వయస్సు 454 కోట్ల సంవత్సరములు, మనవారు ముందే కనుగొనిరి కదా యని. మేము ఆ పెద్దలయెడ గౌరవముతోనే విభేదించుచున్నాము. రెండు సంఖ్యలు దగ్గరగా నుండుట ఒకటి, కొలిచి తెలిసికొనుట వేరొకటి. భూమి వయస్సును రాళ్ళలోని యురేనియము సీసముగా మారు పాళ్ళనుబట్టి, ఉల్కాశిలలతో కొలిచిరి. కల్పసంఖ్యను ఎట్లు కొలిచిరో ఎచటను చెప్పలేదు. ఋగ్వేదములోని నాసదీయ సూక్తము మాకు ఇంతకన్న పూజ్యము. సృష్టి యెట్లు కలిగినదో ఎవరెరుగుదురని అది తానే ప్రశ్నించి, ప్రశ్నతోనే ముగియును. తెలియదని చెప్పుటకు సిగ్గుపడని పూర్వులు మనకు కలరు.

ఇంత దూరపు సంగతులతో మనకేమి పని యని ఒక తండ్రి మమ్ము నిజముగనే అడిగిరి. వారి ప్రశ్నయు న్యాయమైనదే. కాలువ క్రింద రెండెకరములు చేయువారికి నీటి వంతే విశ్వము. వారికి మేము ఆనాడు చాలినంత చెప్పలేకపోతిమి. ఈనాడు చెప్పెదము. లింగసుగూరు తాలూకాలోని హట్టి మీకందరకు తెలిసినదే. 2001లో కోలారు గనులు మూతపడిన పిమ్మట దేశమున బంగారు గనియనగా మొదట మన హట్టియే. హట్టి, మస్కిల నడుమ సాగు ఆ నల్లరాతి పట్టె 250 కోట్ల సంవత్సరములకు పైబడినది. రాతి పగుళ్ళలో వేడినీరు మోసుకొనివచ్చి నిలిపిన బంగారము అందు తీగలై యున్నది. కాని బంగారమును పుట్టించినది ఆ రాయి కాదు, భూమియు కాదు. సూర్యునివంటి నక్షత్రములకైనను ఆ శక్తి లేదు.

2017 ఆగస్టు 17వ తేదీన లైగో, విర్గో యంత్రములకు మరియొక మ్రోత అందినది. 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొని కలసినవి. అనగా సూర్యునికన్న బరువై, ఒక పట్టణమంత ఇరుకున నొదిగిన మృతనక్షత్రములు. అప్పుడు వెలువడిన వెలుతురును దూరదర్శినులు పట్టి పరీక్షింపగా, బరువైన మూలకములు అప్పటికప్పుడు కుప్పలుగా పుట్టిన జాడలు కనబడినవి. బంగారములో పెద్దపాలు ఇట్టి ఢీకొనుటలలోనే పుట్టినదని నేడు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. అట్లు కలసిన జంట తుదకు కృష్ణబిలమైపోవుట సాధారణము. కనుక, అమ్మలారా, మీ మెడలోని పుస్తెలలోని బంగారము హట్టిదైనను, బజారుదైనను, సూర్యుడు పుట్టకముందే ఎక్కడనో ఒక కృష్ణబిలము పుట్టిన నాటి పురిటి సొమ్ము కావచ్చును. ఆ తండ్రిగారు ఈ సభలో నున్నచో మా ఆలస్యపు జవాబును స్వీకరింతురుగాక.

ఔత్సాహికుల మాట మరియొకటి చెప్పవలసియున్నది. మన రాయచూరు 1956 నవంబరు 1వ తేదీవరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ సంస్థానమున నవాబు జఫర్ జంగ్ అను శ్రీమంతుడు నక్షత్రములపై మక్కువతో 1901లో ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. వేటకును, విందులకును వ్యయమయ్యెడి ధనము అద్దములకు వ్యయమైనది. ఆయన మరణానంతరము 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించినది. బేగంపేటలో నిజామియా వేధశాల వెలసినది. ప్రపంచ దేశములు కలసి ఆకాశమును వంతులుగా పంచుకొని నక్షత్రములను పటములకెక్కించిన మహాకార్యములో హైదరాబాదునకును ఒక వంతు లభించినది. ఏండ్ల తరబడి రాత్రులు మేల్కొని, అచటివారు లక్షలకొలది చుక్కల తావులను కొలిచి అచ్చొత్తించిరి. అచటి ఉద్యోగి యొకరి కుమారుడు ఆ దూరదర్శినుల నడుమనే పెరిగి, 1949లో అమెరికాలో చదువుకొనుచు ఇద్దరితో కలసి ఒక తోకచుక్కను కనుగొని, తరువాత భారతీయ ఖగోళభౌతిక సంస్థను తీర్చిదిద్దిన వైను బప్పు ఆయెను. జవళగెరలో గుడారములు వేసినది ఆ సంస్థయే. ఇంటిలో ఎవరో ఒకరు పైకి చూచుచున్నచో పిల్లవాడును పైకి చూచును. ఇంతకన్న మాకు వేరు కారణము తోచలేదు.

నేడు అవకాశములు అంతకన్న దగ్గరగా వచ్చినవి. కృష్ణబిలములవంటివాటి ఎక్స్ కిరణములను పరిశీలించు ఎక్స్‌పోశాట్ ఉపగ్రహము 2024 జనవరి 1వ తేదీన తెలుగునేలయగు శ్రీహరికోటనుండి ఎగిరినది. మహారాష్ట్రములో హింగోలి జిల్లాలో భారత లైగో నిర్మాణమునకు 2023లో కేంద్ర ప్రభుత్వము అనుమతి యిచ్చినది. అదియు పూర్వము మన హైదరాబాదు రాష్ట్రపు నేలయే. అచట పనిచేయువారిలో మన పాఠశాల పిల్లలుండరాదా? పిల్ల తెలుగున అడిగిన ప్రశ్నకు కన్నడమున జవాబు వ్రాయవలసి వచ్చినను, ఇంగ్లీషున పరీక్ష యీయవలసి వచ్చినను భయపడనక్కరలేదు. విశ్వము, నక్షత్రము, గ్రహణము, ఆకర్షణ, ఈ మాటలు తెలుగునకును కన్నడమునకును ఒక్కటే. ప్రశ్న మొదట పుట్టునది మాత్రము ఇంటి భాషలోనే. ఆనాడు తరగతిలో భాషకు నవ్విన పిల్లలకు మేము ఈ మాటనే చెప్పితిమి, మందలింపలేదు.

ఇక చివరి సంగతి. మన పాలపుంత నడిబొడ్డున 40 లక్షల సూర్యుల బరువుగల కృష్ణబిలము కలదు. దాని చుట్టు పదునారేండ్లకు ఒకమారు తిరుగు నక్షత్రమును ఏండ్ల తరబడి వెంటాడి, దానిని తూచినందులకే గెంజెల్, గెజ్ అను నిరువురకు 2020లో నోబెల్ బహుమానములో సగము లభించినది. ఇదియు మిఛెల్ గురువు చెప్పిన ఉపాయమే! దాని చిత్రము 2022 మే 12వ తేదీన వెలువడినది. అది ఆకాశమున మూలా నక్షత్రమునకు చేరువలో, ధనూరాశిలో నున్నది. మూలలో పుట్టిన బిడ్డకు శాంతి చేయింతుము కాని, మూల ఎక్కడ నున్నదో బిడ్డకు చూపము. బిలము కంటికి కానరాదు. అది యున్న దిక్కు, అచట చిక్కబడు పాలపుంత వెలుగు కానవచ్చును.

ఆ బాలిక మొన్న తిరిగి వచ్చినది. “విశ్వము రొట్టెవలె అంతటను ఒకేసారి సాగినచో, అది మొదలైన చోటు ఏది? మన సింధనూరు కూడ ఆ చోటేనా?” అని అడిగినది. అవును, ఆ చోటే. ఏ చోటైనను ఆ చోటే యని చెప్పితిమి. ఆమె నమ్మినట్లు లేదు. దక్షిణమున మూలను చూపుమని అడిగినది.

కనుక జ్యేష్ఠ బహుళ అమావాస్యనాటి రాత్రి, మబ్బు లేనిచో, తొమ్మిదిన్నర గంటలకు పాఠశాల మేడమీద కలిసికొందము. ఆ గంటసేపు ఆవరణములోని దీపములు ఆర్పుటకు సంఘమువారు అంగీకరించిరి. చుట్టుపట్ల ఇండ్లవారును వీధి దీపము తప్ప తక్కినవి ఆర్పినచో మేలు. కుర్చీలు లేవు; తల్లిదండ్రులు చాపలు తెచ్చుకొనవలయును.